దయకు ఖాతా ఎక్కడ?

వర్తక కుటుంబములో పుట్టిన పిల్లవానికి గద్దె మీద కూర్చుండబెట్టిన నాటినుండి రెండు మాటలు నేర్పుదురు. లెక్కలో దమ్మిడీ తేడా రాకూడదన్నది మొదటిది. ఆకలితో గుమ్మము ముందు నిలిచినవానిని వట్టి చేతులతో పంపకూడదన్నది రెండవది. మొదటి మాటకు చిట్టా, ఆవర్జా కలవు. రెండవ మాటకు ధర్మఖాతా కలదు. సంవత్సరాంతమున లాభములోనుండి ఇంత భాగమని తీసి ఆ ఖాతాలో వ్రాసి, అన్నసత్రమునకో, గోశాలకో, పేద విద్యార్థులకో పంపుదురు. ఈ యేర్పాటు తరతరములుగా ఎందరికో మేలు చేసినది. అందులో సందేహము లేదు.

అయితే ఈ యేర్పాటు వలన తెలియకుండగనే ఒక అభిప్రాయము మనస్సులో పాతుకొనును. దయ యనునది దుకాణము మూసిన తరువాత చేయు పని యనియు, దుకాణము తెరచియున్నంత సేపు లెక్క ఒక్కటే ధర్మమనియు తోచును. ఉదయమున గుమాస్తాను నలుగురి ముందు తిట్టి, సాయంకాలము దేవాలయమునకు దీపపు నూనె పంపిన యజమాని తనలో విరోధమేమియు చూడడు. రెండు పనులును రెండు పుస్తకములలో వ్రాయబడినవి. ఒక పుస్తకము రెండవదానిని చదువదు.

దయకు గద్దె మీద చోటున్నదా అన్నది మొదటి ప్రశ్న. ఉన్నచో, ఆ దయ వలన వ్యాపారమునకు లాభము కూడ కలిగినచో, అది ఇంకను దయయే యగునా, లేక పెట్టుబడిలో ఒక రకము మాత్రమేనా అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండింటిని విచారించుటకు హైదరాబాదులో పుట్టి పెరిగి, ప్రపంచములోని మిక్కిలి పెద్ద సంస్థలలో ఒకదానికి అధిపతియైన ఒక తెలుగువాని స్వీయకథ మంచి ఆధారముగా నున్నది. ఆయన శ్రీ సత్య నాదెళ్ల. గ్రంథము పేరు 'హిట్ రిఫ్రెష్'. ఇది 2017 లో వెలువడినది. సామాన్యముగా పెద్ద అధికారులు వ్రాసిన పుస్తకములలో విజయముల పట్టిక యుండును. ఇందులోను అది లేకపోలేదు. కాని గ్రంథమంతటికి వెన్నెముకగా ఆయన నిలిపినది ఒకే గుణము: ఎదుటివాని బాధను తన బాధగా తెలిసికొనుట. దానిని సానుభూతి యనవచ్చును, అనుకంప యనవచ్చును.

శ్రీ నాదెళ్ల 1967 లో హైదరాబాదులో జన్మించినారు. తండ్రి శ్రీ బి. ఎన్. యుగంధర్ ఐ.ఏ.ఎస్. అధికారి; గ్రామీణాభివృద్ధి రంగములో పేరు గడించినవారు. తల్లి సంస్కృత భాషా పండితురాలు, అధ్యాపకురాలు. చిన్ననాట తండ్రి ఆ బాలుని గదిలో కార్ల్ మార్క్స్ పటము తగిలించగా, తల్లి దానికి బదులుగా లక్ష్మీదేవి పటము తగిలించిరట. తండ్రికి కొడుకు గొప్ప చదువరి కావలెనని కోరిక. తల్లికి కొడుకు సంతృప్తితో సుఖముగా నుండవలెనని కోరిక. ఆ పిల్లవాడు కోరుకొన్న పటము ఈ రెండును కాదు, హైదరాబాదు క్రికెట్ వీరుడు ఎం. ఎల్. జయసింహది. ఈ చిన్న సంగతిలో ఒక విశేషము కలదు. ధనమును శంకించువాడొకడు, ధనమునకు అధిదేవత యొకతె, ఈ ఇద్దరి మధ్యనే ఆ బాలుడు పెరిగినాడు. ఇప్పుడు విచారించుచున్న ప్రశ్నయు ఆ ఇద్దరి మధ్యనే యున్నది.

చదువులో ఆయన అద్భుత బాలుడేమియు కాదు. బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివి, ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో తప్పినారు. ఆ సంగతి తామే చెప్పుకొన్నారు. తరువాత కర్ణాటకములోని మణిపాలులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ముగించి, 1988 లో అమెరికా వెళ్లి, విస్కాన్సిన్ రాష్ట్రములోని మిల్వాకీలో కంప్యూటరు శాస్త్రము చదివినారు. 1992 లో మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరినారు. ఇరువదిరెండేండ్ల తరువాత, 2014 ఫిబ్రవరి 4 వ తేదీన, బిల్ గేట్స్, స్టీవ్ బామర్‌ల తరువాత ఆ సంస్థకు మూడవ అధిపతి యైనారు. పరీక్షలో తప్పిన పిల్లవానిని చూచి, ఇక వీనికి దుకాణమే గతి యని నిట్టూర్చు తండ్రులు ఈ భాగమును రెండుసార్లు చదువవలెను.

ఉద్యోగమునకై జరిగిన పరీక్షలో ఆయనను ఒక అధికారి చిత్రమైన ప్రశ్న వేసినాడు. వీధిలో ఒక పసిబిడ్డ క్రిందపడి యేడ్చుచున్నది, నీవేమి చేయుదువు? యువకుడైన నాదెళ్ల కొంత ఆలోచించినారు. ఇది లెక్కల ప్రశ్నయో, యుక్తి ప్రశ్నయో యని అనుమానించినారు. చివరకు, అత్యవసర సహాయపు సంఖ్యకు టెలిఫోను చేయుదునని చెప్పినారు. ఆ అధికారి లేచివచ్చి భుజము మీద చేయి వేసి, బిడ్డ యేడ్చుచున్నప్పుడు మొదట చేయవలసినది బిడ్డను ఎత్తుకొనుటయే యనియు, ఆయన కొంత సానుభూతి అలవరచుకొనవలసియున్నదనియు చెప్పి పంపినాడు. ఉద్యోగము రాదనుకొన్నారు గాని వచ్చినది.

ఈ కథలోని లోపము క్రూరత్వము కాదు. ఆ యువకుడు చెప్పిన సమాధానము నియమము ప్రకారము సరియైనదే. ఎవరును తప్పు పట్టజాలరు. సరిగా ఇట్టి దోషమే వ్యాపారస్థులకు ఎక్కువగా పట్టును. గుమాస్తా భార్యకు జబ్బు చేసినదని వచ్చి నిలిచినప్పుడు, "సెలవు చీటీ వ్రాసి పెట్టి వెళ్లు" మనుట తప్పు కాదు. చీటీ వ్రాయవలసినదే. కాని మొదటి మాట అది కాకూడదు. ఆమె కెట్లున్నదని అడుగుట మొదటి మాట. నియమము ముందు వచ్చి మనిషి వెనుక వచ్చినచోట ఎవరును దోషులు కారు. అయినను బిడ్డ వీధిలోనే యేడ్చుచుండును.

ఆ అధికారి చేసిన బోధ వెంటనే ఫలించినదని శ్రీ నాదెళ్ల చెప్పుకొనలేదు. బోధ చెవికి చేరుట వేరు, ప్రాణమునకు చేరుట వేరు. 1996 లో ఆయనకు మొదటి కుమారుడు పుట్టినాడు. గర్భములోనే ఊపిరాడక పోవుట వలన ఆ బిడ్డకు మెదడు దెబ్బతిని, అవయవములు స్వాధీనములో లేక, జీవితమంతయు చక్రాల కుర్చీలోనే గడపవలసి వచ్చినది. అప్పటికి తండ్రి వయస్సు ఇరువదితొమ్మిది సంవత్సరములు. ఇట్టిది మాకెందుకు జరిగినది, మేము వేసికొన్న ఆలోచనలన్నియు ఏమైపోయినవి అని ఆయన చాల కాలము బాధపడినారు. ఆ సంవత్సరములలోనే ఆయన భార్య శ్రీమతి అనూ, ప్రసవపు గాయము మానకముందే బిడ్డను చికిత్సలకు తిప్పుచుండిరి. ఆమెను చూచి చూచి, జరిగినది తనకు కాదనియు, ఆ బిడ్డకు జరిగినదనియు, తాను చేయవలసినది ప్రశ్నించుట కాక ఆ బిడ్డకు కావలసినది చేయుట యనియు ఆయన గ్రహించినారట.

ఈ ఒక్క వాక్యములో సానుభూతి యొక్క సారమంతయు నున్నది. ఎదుటివాని దుఃఖమును చూచి దుఃఖించుట సులభము. ఆ దుఃఖము మధ్యనుండి తన్ను తాను తొలగించుకొనుట కష్టము. సంస్థాధిపతి యైన తరువాత ఒకనాడు ఆ కుమారుడు ఇంటెన్సివ్ కేర్‌లో నున్నప్పుడు, చుట్టును గల యంత్రములలో అనేకము తన సంస్థ చేసిన విండోస్ తోడనే నడచుచుండుట ఆయన గమనించినారు. అంతవరకు అమ్మకపు సరుకుగా కనబడినది ఆనాడు ఒక బిడ్డ ఊపిరిగా కనబడినది. ఆ కుమారుడు 2022 ఫిబ్రవరిలో, ఇరువదియారవ యేట మరణించినాడు. ఆ తరువాత గ్రంథములోని ఆ పుటలు మరియొక బరువుతో చదువబడుచున్నవి.

ఇక నాయకత్వము సంగతి. ఆయన దీనిని వ్యాపార విద్యాలయములో నేర్చుకొన్నట్లు వ్రాయలేదు, పాఠశాల క్రికెట్ మైదానములో నేర్చుకొన్నట్లు వ్రాసినారు. రెండు సంఘటనలు మిక్కిలి గమనింపదగినవి. ఒక ఆటలో జట్టులోని ఉత్తమ బౌలరును ఆపి, కెప్టెన్ మరియొక కుఱ్ఱవానికి బంతి ఇచ్చినాడు. ఆ మొదటివానికి కోపము వచ్చినది. కొంతసేపటికి బంతి గాలిలో లేచి సరిగా అతని ముందుకే వచ్చి పడినది. పట్టుట సులభమే. అతడు చేతులు జేబులలో పెట్టుకొని చూచుచు నిలబడినాడు. ప్రతిభ ఎంతయున్నను, తన్ను మాత్రమే చూచుకొనువాడు ఒక్కడున్నచో జట్టు మునుగునని ఆయనకు ఆనాడు తెలిసినది. ఉమ్మడి వ్యాపారములలో అన్నదమ్ముల మధ్య ఈ జేబులలోని చేతులను చూడని వర్తక కుటుంబము అరుదు. గట్టిగా పోట్లాడినవారి వలన దుకాణము చెడదు. సరుకు తడియుచున్నను "అది నా వంతు కాదు" అని చూచుచు నిలిచినవాని వలన చెడును.

రెండవ సంఘటన ఇంకను గొప్పది. మరియొక ఆటలో నాదెళ్ల బౌలింగు బాగుగ లేదు. పరుగులు పోవుచున్నవి. కెప్టెన్, తాను బౌలింగులో అంత నేర్పరి కాకపోయినను, బంతి తానే తీసికొని ఒక వికెట్టు పడగొట్టినాడు. సామాన్యముగా అట్టి సమయములో తానే కొనసాగవలెను. కాని అతడు బంతిని వెంటనే నాదెళ్ల చేతిలో తిరిగి పెట్టినాడు. ఆ తరువాత నాదెళ్ల ఏడు వికెట్లు తీసినారు. ఎందుకట్లు చేసితివని తరువాత అడిగినప్పుడు, ఇంకను చాల ఆటలు మిగిలియున్నవనియు, ఈ ఒక్క ఆట కొరకు అతని ధైర్యమును పోగొట్టదలచలేదనియు కెప్టెన్ చెప్పినాడట.

ఈ పాఠమును ఆయన మరచిపోలేదనుటకు ఒక నిదర్శనము కలదు. 2016 మార్చిలో ఆయన సంస్థలోని ఒక బృందము 'టే' అను సంభాషణ యంత్రమును జనులలోనికి వదలినది. అల్లరి మూకలు దానికి దుర్భాషలు నేర్పుటచే ఒక్క రోజులోనే దానిని ఉపసంహరింపవలసి వచ్చినది. ప్రపంచమంతయు నవ్వినది. అట్టి సమయములో బృందమును శిక్షించుట లోకరీతి. ఆయన మాత్రము తాను వారి వెంట నున్నాననియు, నేర్చుకొనుచు ముందుకు సాగుడనియు వారికి వ్రాసినారు. అదే సంవత్సరము చివర ఆ సంస్థ 'జో' యను మరియొక సంభాషణ యంత్రమును వెలువరించినది. బంతి తిరిగి చేతికి వచ్చినదన్నమాట.

ఆయన బాధ్యత స్వీకరించిన నాటికి మైక్రోసాఫ్ట్ ధనవంతమైన సంస్థయే గాని, ఇంటిలో కలహములున్న ధనవంతుని యిల్లు వంటిది. ఒక విభాగము మరియొక విభాగమును శత్రువుగా చూచెడిది. ప్రతివాడును తనకు సర్వము తెలియునని నిరూపించుకొనుటలోనే యుండెడివాడు. ఆయన మొదట చేసిన పనులలో ఒకటి, మార్షల్ రోజెన్‌బర్గ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అహింసాయుత సంభాషణను గూర్చి వ్రాసిన గ్రంథమును ముఖ్యాధికారులందరిచేత చదివించుట. ఎదుటివానిమీద తీర్పు చెప్పకుండ, జరిగినది చెప్పుము; దానివలన నీకు కలిగిన భావము చెప్పుము; నీకు కావలసినదేమో చెప్పుము; తరువాత అడుగుము, అన్నది అందలి పద్ధతి. మాటలోని హింస చేతలోని హింసకంటె చిన్నది కాదని అహింసా ధర్మము తెలిసిన కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను నీటిని వడగట్టి త్రాగు ఇండ్లలో మాటను వడగట్టుట ఎంతవరకు సాగుచున్నదో ఎవరికి వారు విచారించుకొనవలెను.

తనకు తెలిసినదే సర్వమను భావమును వదలి, నేర్చుకొనువాని భావమును పట్టుటయే ఆయన చేసిన మార్పులకు మూలము. 2001 లో పూర్వాధిపతి లినక్స్ అను స్వేచ్ఛా ప్రోగ్రామును రాచపుండుతో పోల్చియుండగా, 2014 లో శ్రీ నాదెళ్ల తన సంస్థ లినక్స్‌ను ప్రేమించుచున్నదని ప్రకటించినారు. పోటీదారుయైన ఆపిల్ కంపెనీ వారి ఫోనును సభలో జేబులోనుండి తీసి, అందులో తమ ప్రోగ్రాములు ఎంత చక్కగా పనిచేయుచున్నవో చూపినారు. చూచినవారు విస్తుపోయిరి. ఒకే వస్తువును అనేక దృష్టులనుండి చూడవలెనను అనేకాంత దృష్టి వ్యాపారములో ఎట్లుండునో ఇట్టి చోట్ల కనబడును. ఆయన బాధ్యత వహించునాటికి సుమారు 30,000 కోట్ల డాలర్లుగా నున్న సంస్థ విలువ 2019 లో లక్ష కోట్ల డాలర్లకు, 2024 జనవరిలో 3 లక్షల కోట్ల డాలర్లకు చేరినది.

ఇక్కడనే రెండవ ప్రశ్న లేచి నిలుచును. దయ వలన ఇంత లాభము వచ్చినచో, అది దయయా? వడ్డీ వచ్చు చోట పెట్టిన సొమ్మును దానమందురా?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుటకు వీలు లేదు. ఏలయనగా ఆ కథలో మరియొక వైపు కలదు. 2014 జూలైలో సంస్థ 18,000 మంది ఉద్యోగములు తీసివేయుదునని ప్రకటించినది. వారిలో సుమారు 12,500 మంది నోకియా ఫోనుల వ్యాపారమునకు సంబంధించినవారు. మరుసటి యేట ఆ వ్యాపారపు నష్టము క్రింద 760 కోట్ల డాలర్లు కొట్టివేసి, ఇంకను 7,800 మందిని పంపివేసినది. నోకియా వ్యాపారమును కొనవద్దని శ్రీ నాదెళ్ల అంతకుముందే అభిప్రాయము చెప్పియుండిరి. కాని కొనవలెనని నిర్ణయించినవారు వేరు, ఉద్యోగములు పోగొట్టుకొన్నవారు వేరు. 2023 జనవరిలో మరల 10,000 మందిని తగ్గించుచున్నట్లు ప్రకటించినారు. అప్పటికి సంస్థ నష్టములలో లేదు. 2024 జూన్‌తో ముగిసిన సంవత్సరమునకు అధిపతికి లభించిన మొత్తము ప్రతిఫలము సుమారు 7 కోట్ల 91 లక్షల డాలర్లు. అందులో అధిక భాగము వాటాల రూపములోనిదే. భద్రతా లోపములు జరిగినందుకు తనకు రావలసిన నగదు బహుమానమును తగ్గింపుమని ఆయనయే కోరినమాటయు సత్యమే. అయినను తూకములో ఒక వైపు సానుభూతిని గూర్చిన గ్రంథము, రెండవ వైపు పదివేల ఇండ్లలో ఆ రాత్రి నిదుర పట్టని తల్లిదండ్రులు ఉన్నారనుటను మరువరాదు.

ఇది చూచి, సానుభూతి యంతయు నటన యని కొట్టివేయువారు కలరు. వ్యాపారమన్న తరువాత ఇట్టివి తప్పవని సమర్థించువారు కలరు. రెండు మార్గములును ఆలోచనను తప్పించుకొనునవే.

గృహస్థుని జీవితములో సంభవించు హింసను జైన ధర్మము నాలుగు విధములుగా విభజించినది. కావలెనని సంకల్పించి చేయునది ఒకటి. ఇంటిపనులలో జరుగునది ఒకటి. వృత్తిలో జరుగునది ఒకటి. ఆత్మరక్షణలో జరుగునది ఒకటి. మొదటిది గృహస్థునకు పూర్తిగా నిషిద్ధము. తక్కిన మూడింటిని సాధ్యమైనంత తగ్గింపవలెను. వృత్తిలో జరుగు హింస యొకటి కలదని ఒప్పుకొనుట ఈ ధర్మములోని నిజాయితీ. కాని ఒప్పుకొనుట అనుమతి పత్రము కాదు. తత్త్వార్థసూత్రము హింసను నిర్వచించునప్పుడు ప్రమాదము, అనగా ఏమరుపాటు, అను భావమును ముందు నిలిపినది. నష్టము జరిగినదా అన్నది ఒక ప్రశ్న. జాగరూకతతో జరిగినదా, ఏమరి జరిగినదా అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

ఆ కొలతతో చూచినచో దుకాణము మూయవలసి వచ్చినప్పుడు పనివానిని పంపివేయుట ఒకటి. అవసరమునకు మించి పనివారిని చేర్చుకొని, లెక్క తప్పినదని తెలిసిన తరువాత వారిని తీసివేయుట మరియొకటి. రెండవదానిలో ఏమరుపాటు యజమానిది, ఫలము పనివానిది. సానుభూతి గల యజమానికి పరీక్ష పంపివేయు దినమున మెత్తని మాటలు చెప్పుటలో లేదు. చేర్చుకొను దినముననే, ఇతనిని పోషింపగలనా యని ఆలోచించుటలో నున్నది. తప్పు లెక్క వేసినప్పుడు ఆ నష్టములో తాను ఎంత వంతు మోయుదునన్న దానిలో నున్నది. ఈ రెండింటిలో ఆ మహాసంస్థ ఎంత తూగునో చెప్పుటకు ఆ గ్రంథము చాలదు. ఆ ఖాతా ఇంకను మూయబడలేదనుటయే న్యాయము.

ఇక, లాభము వచ్చిన దయ దయయేనా అన్న ప్రశ్నకు సమాధానము ఆ గ్రంథములోని రెండు చిన్న సంగతులలోనే దొరకును. మొదటిది కెప్టెన్ సంగతి. అతడు బంతి తిరిగి ఇచ్చినప్పుడు ఏడు వికెట్లు వచ్చునని అతనికి తెలియదు. రాకపోవచ్చును. అప్పుడు ఆట పోయి, నింద తన మీద పడును. ఆ నిందకు సిద్ధపడి ఇచ్చినాడు. వికెట్లు తరువాత వచ్చినవి. తరువాత వచ్చిన లాభము ముందు చేసిన దయను మలినము చేయజాలదు.

రెండవది శ్రీ నాదెళ్ల యౌవనములోని సంగతి. అమెరికాలో స్థిరనివాసమునకు అనుమతినిచ్చు గ్రీన్ కార్డు ఆయనకు లభించియుండెను. దానికై సంవత్సరముల తరబడి వేచియుండువారు వేలకొలది. కాని ఆ కార్డు కలవాడు భార్యను రప్పించుకొనవలెనన్నచో ఏండ్లు పట్టునని తెలిసినది. తాత్కాలికమైన ఉద్యోగపు వీసా కలవాడు మాత్రము వెంటనే తీసికొని రావచ్చును. 1994 లో ఆయన ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయమునకు పోయి తన కార్డును తిరిగి ఇచ్చివేసినారు. అక్కడి గుమాస్తా నమ్మలేకపోయెనట. అందరును ఎక్కుటకు ప్రయత్నించు మెట్టునుండి ఆయన తనంతట దిగినారు. అప్పటికి ఆయన ఎవరికిని తెలియని ఒక ఇంజనీరు. దానిని చూచి మెచ్చుకొను వాటాదారులు లేరు. తన భద్రతను వదలి భార్య సాన్నిధ్యమును ఎన్నుకొన్నారు, అంతే.

ఈ రెండింటినుండి ఒక కొలబద్ద తీయవచ్చును. దయ యనునది హామీ లేకుండ ఇచ్చిన అప్పు వంటిది. తిరిగి వచ్చినచో సంతోషము. రాకపోయినను ఇచ్చినవాడు కోర్టుకెక్కడు. లాభము వచ్చునని లెక్క కట్టి, హామీ వ్రాయించుకొని చేసిన సానుభూతి నిజమైన వ్యాపారమే, అందులో పాపమేమియు లేదు, కాని దానిని ధర్మఖాతాలో వ్రాసికొనరాదు. లాభము, దయ చేతులు కలిపి నడచుచున్నంత సేపు ఏది ముందు నడచుచున్నదో ఎవరికిని తెలియదు. త్రోవ రెండుగా చీలినచోట తెలియును. అక్కడ యజమాని ఏ త్రోవన పోవునో అదియే అతని నిజమైన పెట్టుబడి.

ఆయన చేసిన ఒక తప్పు కూడ ఇక్కడ చెప్పదగినది. 2014 అక్టోబరులో కంప్యూటరు రంగములోని స్త్రీల మహాసభలో, జీతము పెంపు అడుగుటకు సంకోచించు స్త్రీలకు ఏమి చెప్పుదురని ఆయనను అడిగిరి. అడుగకుండ వ్యవస్థను నమ్మియుండుట మంచిదనియు, దానివలన సత్కర్మ చేకూరుననియు ఆయన చెప్పినారు. సభలోనే ఆయనతో మాటలాడుచున్న విదుషి దానిని ఒప్పుకొనలేదు. ఆ దినముననే, తన సమాధానము పూర్తిగా తప్పనియు, తగిన జీతము రాలేదనుకొన్నచో అడుగుడనియు సంస్థలోని వారందరికి వ్రాసినారు. గ్రంథములోను ఆ సంగతి దాచలేదు.

కర్మ సిద్ధాంతమును ప్రాణముగా నెంచు కుటుంబములు దీనిని జాగ్రత్తగా గ్రహింపవలెను. కర్మ యనునది తన ప్రవర్తనను తాను దిద్దుకొనుటకు ఉద్దేశింపబడినది. అది తన మీద తాను నడుపుకొను లెక్క. జీతముల పుస్తకము చేతిలో నున్న యజమాని, పనివానితో నీ కర్మను నమ్ముకొని యుండుమని చెప్పినచో, ఆ మాటలో సిద్ధాంతము లేదు, సౌకర్యము మాత్రమే యున్నది. పెంపు వచ్చుట పనివాని పూర్వకర్మ ఫలమగునేమో గాని, పెంపు ఇవ్వకుండుట యజమాని నేటి కర్మ. తప్పు చేసిన దినముననే ఒప్పుకొని సరిదిద్దుకొనుటయు అట్టి నేటి కర్మయే. లెక్కలో తప్పు పడినప్పుడు గీచివేసి, సరియైన అంకె వ్రాసి, ప్రక్కన చేవ్రాలు చేయుట నమ్మకమైన గుమాస్తా లక్షణము. నోటి మాటలో పడిన తప్పునకు అట్లు చేవ్రాలు చేయగల యజమానులు కొద్ది.

పెద్ద సంస్థల కథ చిన్న దుకాణములకు ఎట్లు పనికివచ్చునని సందేహము రావచ్చును. నిజమునకు చిన్న దుకాణములోనే ఎక్కువగా పనికివచ్చును. లక్షల మంది యున్నచోట అధిపతికి అందరి ముఖములు కనబడవు. గద్దె మీద కూర్చున్నవానికి ప్రతి ముఖమును మూడు గజముల దూరములో నున్నది. పదివేల మందిని పంపివేసినవాడు వారి పిల్లల పేర్లు ఎరుగడు; గుమాస్తాను పంపివేయు వర్తకుడు ఎరుగును. కాబట్టి పెద్దవానికి కొంతవరకు చెల్లు సాకు చిన్నవానికి చెల్లదు.

తూకములో పొరబాటు చేసిన కుఱ్ఱవానిచేత మరునాడే త్రాసు పట్టించుట బంతి తిరిగి ఇచ్చుటయే. పంట పోయి బాకీ తీర్చలేక వచ్చిన రైతును, కాగితము తీయకముందు కూర్చుండుమని మంచినీళ్లిచ్చి సంగతి అడుగుట, బిడ్డను ముందు ఎత్తుకొనుటయే. కొడుకు కొత్త పద్ధతి చెప్పినప్పుడు, ముప్పది యేండ్లనుండి ఇట్లే చేయుచున్నామని నోరు మూయించక పూర్తిగా వినుట, నేర్చుకొనువాని భావమును పట్టుటయే. వీటిలో దేనికిని ధర్మఖాతాలో పద్దు అక్కరలేదు. లాభము రావచ్చును, రాకపోవచ్చును. కుఱ్ఱవాడు రెండవసారియు పొరబాటు చేయవచ్చును. రైతు మరుసటి యేటను తీర్చలేకపోవచ్చును. అప్పుడు లెక్కకు తగినట్లు నడచుకొనవలసినదే. లెక్కను దాచి చేయు దయ ఎవరికిని మేలు చేయదు. కాని ముందు చేయవలసినది ముందు చేసియుండవలెను.

రెండు పుస్తకములు వేరువేరుగ నుండుటలో తప్పు లేదు. వ్రాయు చేయి మాత్రము ఒకటే. సంవత్సరాంతమున ధర్మఖాతాలో ఎంత తేలినదని అడుగుటకు ముందు, ఆ సంవత్సరమంతయు చిట్టా వ్రాయుచున్నప్పుడు ఆ చేయి ఎట్లున్నదని అడుగుకొన్నచో, దయకు ఖాతా ఎక్కడ అన్న ప్రశ్నకు ఎవరి సమాధానము వారికే దొరకును.